ఇరవై రెండో వరస

మధ్యాహ్నం గిన్నెలు కడిగి బోర్లించాక ఇంట్లో అందరూ నడుం వాలిస్తే, జాహెదవ్వ మాత్రం ఇనప్పెట్టె మీద పరిచిన ఊలు చదరాన్ని ఒళ్లోకి తీసుకుని గడప దగ్గర వెలుతురులో కూర్చునేది. నాలుగు మూలలూ వేళ్లతో తడిమి, ఎక్కడైనా పోగు జారిందేమో, ఎలుక పన్ను పడిందేమో చూసుకుని, దులిపి మళ్లీ పెట్టె మీద పరిచేది. అల్లాల్సింది ఉన్నా లేకపోయినా రోజూ ఇదే. ఇల్లు ఊడ్చుకోవడం ఎట్లాగో ఇదీ అట్లాగే.

వాళ్ల ఇల్లు హిందూపురంలో చింతపండు మార్కెట్టు వెనక సందులో ఉండేది. సీజన్లో ఆ సందులో అడుగుపెడితే కడుపునిండా తిని వచ్చినవాడికి కూడా నోరూరేది. బయటి నుంచి చూస్తే ఆ ఇల్లు ఒక పొట్టి గోడ, ఒక తలుపు, రేకు దించిన అరుగు, అంతే. జాహెదవ్వ లేపాక్షి నుంచి కోడలిగా వచ్చిన రోజున లోపల కూడా అంతే ఉండేదట. రెండు చాపలు పరిస్తే మూడో చాపకు చోటు లేదు. ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం అని పెద్దలు ఊరికే అనలేదు.

అయితే అవ్వకు కొక్కెం సూదితో క్రోషా అల్లడం వచ్చు. మామగారి పాత స్వెట్టరు విప్పి, ఆ ఊలుతో చిన్న ఉంగరం వేసి, ఉంగరంలో నాలుగు గుత్తులు అల్లి, చుట్టూ తిరిగి అరచేతంత చదరం చేసి పెట్టె మీద పరిచింది. కొన్నాళ్లకు ఆడబిడ్డ మొగుణ్ని పోగొట్టుకుని పుట్టింటికి వచ్చింది. అవ్వ ఆ చదరం చుట్టూ ఇంకో వరస తిరిగింది. తెల్లారేసరికి గది నాలుగు పక్కలా జానెడు జానెడు పెరిగింది. "పిల్లకు చేతిపని వచ్చు" అని అత్తగారు మెచ్చుకుని, కూతురికి చాప పరిచింది.

అప్పట్నుంచి అదే పద్ధతి. బిడ్డ పుడితే ఒక వరస, కోడలొస్తే ఒక వరస, కరువులో రొద్దం నుంచి వచ్చి నాలుగేళ్లుండిపోయిన చుట్టాలకు ఒక వరస. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు గానీ, అవ్వ రెండూ ఒక్క సూదితో కానిచ్చింది. బయటి గోడ మాత్రం వెంట్రుకవాసి కదల్లేదు. ఒకసారి మునిసిపాలిటీ నుంచి సుబ్బారావు అనే ఆయన టేపు తెచ్చి బయట కొలిచాడు, లోపల కొలిచాడు. లోపలిది ఎక్కువొచ్చింది. టేపు వంక కాసేపు చూసి, "మాకు కావాల్సింది బయటి కొలతమ్మా, లోపల మీ ఇష్టం" అని టీ తాగి వెళ్లిపోయాడు.

ఈ పనికి అవ్వ పెట్టుకున్న కట్టుబాట్లు మూడు. ఊలు ఎవరో ఒకరు తొడిగి విడిచినదై ఉండాలి, అంగట్లో కొన్న కొత్త ఊలుకు ఇల్లంటే ఏమిటో తెలియదు. వరస మొదలుపెడితే నాలుగు పక్కలా తిరిగి కలపాలి, ఒక పక్కకు ఎక్కువ, ఒక పక్కకు తక్కువ ఉండకూడదు. ఇక మూడోది, వేసిన వరస విప్పకూడదు. పోయినవాళ్ల వరసైనా సరే, ఉన్నవాళ్ల వరసైనా సరే.

అవ్వ కూతురి బిడ్డ సమీనా ఆ ఇంటికి వచ్చేనాటికి ఇరవై ఒక్క వరసలయ్యాయి. అది తొంభై ఒకటో సంవత్సరం, సమీనాకు ఎనిమిదేళ్లు. పెనుకొండలో వాళ్లమ్మ కామెర్లతో పోయిన నలభయ్యో రోజు దాటాక, నాయన యూసుఫ్ పిల్లను బస్సెక్కించుకుని తెచ్చి, చేతిసంచీతో సహా అవ్వ ముందు నిలబెట్టాడు.

"రెండు నెలలే అత్తా. నేను రోంత కుదురుకుంటానే వచ్చి తీసుకపోతా" అన్నాడు.

యూసుఫ్ అబద్ధమాడే మనిషి కాదు. ఆయన కుదురుకోవడానికి పదకొండేళ్లు పట్టింది, అంతే. ఏటా బాబయ్య దర్గా ఉరుసుకు వచ్చి కూతుర్ని పెనుకొండకు తీసుకెళ్లి, గాజులు తొడిగించి, కొండ చూపించి, మళ్లీ తెచ్చి దింపేవాడు.

ఆ రోజు ఇంట్లో అవ్వ కొడుకు ముబారక్ మామ, అత్త, వాళ్ల ముగ్గురు పిల్లలు, అవ్వ మంచం, బియ్యం డబ్బాలు. "ఈ పిల్ల యాడ పండుకోవాల?" అంది అత్త. కోపంగా కాదు, నిజంగానే చోటు వెతుకుతూ అంది. అవ్వ సమీనా వైపు తిరిగి, "మీయమ్మ స్వెట్టరు తెచ్చినావా?" అని అడిగింది.

సంచీలో ఉంది, వంకాయ రంగుది. సమీనా రెండు చేతులూ చాపి కూర్చుంటే అవ్వ స్వెట్టరు విప్పుతూ ఆ ఊలును పిల్ల మణికట్లకు చుట్టుతూ పోయింది. ముందు మెడ పోయింది, తర్వాత చేతులు పోయాయి, తర్వాత అమ్మ పొయ్యి దగ్గర కాల్చుకున్న చోట వేసిన మాసిక పోయింది. సమీనా ఏడుపు ఆపుకోలేదు, అవ్వ ఆపమనలేదు. మూడు పోగులు ఒక గుత్తి, గుత్తికీ గుత్తికీ నడుమ సందు. మూడు పక్కలు తాను అల్లి, నాలుగో పక్క అల్లమని సూది పిల్ల చేతికిచ్చింది.

ఎనిమిదేళ్ల పిల్లకు తొందర. ఆఖరి మూలలో రెండు గుత్తులు వేయాల్సిన చోట ఒక్కటే వేసి గబగబా తిరిగి కలిపేసింది. తెల్లారి చూస్తే గదిలో మూడు మూలలు సక్రమంగా ఉన్నాయి, నాలుగో మూల ముడుచుకుపోయి ఉంది. అక్కడి నీళ్లకుండ పక్కకు ఒరిగింది. పళ్లపొడి కోసం అటు వెళ్లిన ముబారక్ మామ నుదురు గోడకు కొట్టుకున్నాడు.

"ఏమే పాపా, ఈడుండే మూల యాడ పోయె?" అన్నాడు నుదురు రుద్దుకుంటూ.

అవ్వ సమీనాను కూర్చోబెట్టింది. "మూల తిరిగేటప్పుడు రోంత ఎక్కువ ఇయ్యాల మే. వచ్చిన దోవకు ఒక గుత్తి, పోయే దోవకు ఒక గుత్తి. ఇయ్యకపోతే ముడుచుకుంటాది."

మూల కుదరంది వేసిన వరస కింద లెక్క కాదు, విప్పాలి అనేసరికి సమీనాకు ఉక్రోషం వచ్చింది. అమ్మ స్వెట్టరు ఒకసారి విప్పింది చాలదా? కత్తెర తీసి పోగును టక్కున కోసేసింది. అవ్వ తిట్టలేదు. మూల దాకా విప్పి, తెగిన కొసలు రెండూ కలిపి ధనియాల గింజంత ముడి వేసింది. "ఉండనీ. ఇది నీ వరస అని గుర్తు" అంది. మూల మళ్లీ అల్లాక కుండ దానంతటదే సర్దుకుంది. అవ్వ మంచం పక్కన సరిగ్గా ఒక చాప పట్టేంత చోటు తేలింది. పెళ్లయ్యేదాకా సమీనా ఆ చోటులోనే పడుకుంది, అక్కడే చదువుకుంది, జ్వరాలొస్తే అక్కడే మూలిగింది. ఆ చోటుకు చింతపండు వాసన, అవ్వ కాళ్లకు రాసుకునే నూనె వాసన కలిసి ఉండేవి. తర్వాత ఎన్నేళ్లయినా ఆ రెండు వాసనలు ఎక్కడ తగిలినా ఆమె ఒక్క నిమిషం నిలబడిపోయేది.

రెండు వేల రెండులో ఆమెను ధర్మవరం ఇచ్చారు. పెళ్లికొడుకు మసూద్ పట్టుచీరలు నేస్తాడు. నిదానస్తుడు, మాట తక్కువ, చెయ్యి మంచిది. అవ్వ పెళ్లికి ఆరు వరసల చిన్న చదరం అల్లి పెట్టెలో పెట్టింది.

ధర్మవరంలో ఏ వీధిన పోయినా మగ్గాల చప్పుడే. ఒక్క మసూద్ ఇంట్లోనే చప్పుడు లేదు. మామగారు పోయాక అన్నదమ్ములు పంచుకున్నప్పుడు, పొడుగాటి వసారా పెద్దాయనకు పోయింది, మగ్గం మసూద్‌కు వచ్చింది. వసారా దక్కినాయన దాంట్లో అంగడి పెట్టుకున్నాడు. మగ్గం దక్కినవాడికి మిగిలింది ఎనిమిది అడుగుల చదరపు గది. గుంట తవ్వి మగ్గం దించి, పడుగు పోగులు సాగదీసి ఎదర మేకుకు కట్టాలంటే పదహారు అడుగుల నిడివి కావాలి. అందుకని వాళ్ల నాయన మగ్గం ముక్కలు ముక్కలై పెరట్లో గోడకు ఆనించి ఉండేది. మసూద్ రోజూ వేరేవాళ్లింట్లో, వేరేవాళ్ల మగ్గం మీద నేసి వచ్చేవాడు. వచ్చాక పెరట్లోకి వెళ్లి ఆ కొయ్యల మీద గోనెపట్టా సరిచేసేవాడు. సమీనా చూసేది.

రెండో ఏడు వానలకు కొయ్యలకు చెద మొదలైంది. ఒక సాయంత్రం మసూద్ అన్నం తింటూ చెప్పాడు.

"కొయ్యల బేరం చేసే రామాంజినేయులన్న సోమవారం బండి తెస్తానన్యాడు. మగ్గం ఇచ్చేస్తా. నేను బెంగుళూరు పోతా, ఆడ గార్మెంట్సులో పని ఉండాదంట. రూము దొరికినంక నిన్ను పిలిపిస్తా."

"ఎన్ని దినాలకు?"

"రెండు నెలలు."

రెండు నెలలంటే ఎంతో సమీనాకు బాగా తెలుసు.

మర్నాడే ఆమె పెట్టె తీసి, అవ్వ ఇచ్చిన చదరం బయట పెట్టింది. తన పాత స్వెట్టరూ, మసూద్ చిన్నప్పటి మంకీక్యాపూ విప్పి చుట్టూ తిరిగింది. రెండు వరసలకు ఊలు సరి. గది ఎనిమిది నుంచి పదకొండు అడుగులైంది, నాలుగు పక్కలా సమానంగా, ముచ్చటగా. మసూద్ కొయ్య పట్టుకుని వచ్చి కొలిచి, మళ్లీ పెరట్లో పెట్టాడు. "వంటకు బాగుంటాదిలే" అన్నాడు, ఆమె మనసు నొచ్చుకోకుండా. చుట్టూ తిరిగినంత కాలం చదరం చదరంగానే ఉంటుంది. మగ్గానికి కావాల్సింది వెడల్పు కాదు, పొడవు.

సమీనా పొద్దున ప్యాసింజరెక్కి హిందూపురం పోయింది. పెనుకొండ దగ్గర కిటికీలో కొండ కనిపిస్తే కూడా తల తిప్పి చూడలేదు. అవ్వ ఎప్పటిలాగే గడప దగ్గర ఉంది, చూపు తగ్గి వేళ్లతోనే ఎక్కువ చూస్తోంది. అంతా విని, సమీనాను పక్కన కూర్చోబెట్టుకుంది.

"చదరం నుంచి నిడుపు వస్తాది. ఎట్లనో నాకు మొదుట్నుంచీ తెలుసు. నేనే ఎవురికీ చెప్పలేదు" అంది.

"ఏంటికవ్వా?"

"మూడు పక్కలు అలుగుతాయి మే. నలుగురుండే ఇంట్లో ఒక పక్కకే పెట్టేది న్యాయం కాదని. నీ ఇంట్లో అయితే ఉండేది ఇద్దురు గదా, అలిగేవాళ్లు యాడుండారు?" అని నవ్వి, సమీనా చెయ్యి పట్టుకుని గాల్లోనే అల్లించింది. "తిరిగేది ఆపు. ఒక్క పక్కే పట్టుకో. ఆ కొస దాకా పో, గుడ్డ తిప్పు, ఎనక్కి రా. మళ్లా పో. కొసల్లో మూల పెట్టొద్దు, నేరుగా ఎక్కు. సాలనుకున్నంక మాత్రం ఒక్క తూరి నాలుగు పక్కలా తిరుగు, అలక తీరుతాది. అప్పుడు మూలల్లో..."

"రెండు గుత్తులు."

"ఆ. మరిచిపోలేదులే."

"ఏ పక్క అల్లాల?"

"నీకు ఏ పక్క చూస్తే పానం బాగుంటాదో ఆ పక్క."

"ఊలు లేదవ్వా. ఇంట్లో తొడిగి విడిచినవన్నీ అయిపోయినాయి."

అవ్వ ఒళ్లోని చదరం అంచు తడుముతూ, "నువ్వు పో. రెండు దినాల్లో ముబారక్ చేత పంపిస్తా. యాడో ఒక తావ ఉండాదిలే" అంది.

శుక్రవారం ముబారక్ మామ వచ్చాడు. పేపర్లో చుట్టిన నల్లటి ఊలు ఉండ, తలకాయంత పెద్దది, చేతిలో పెట్టాడు. ఇంకా రంగు వాసన పోలేదు, ముట్టుకుంటే వేళ్లకు అంటుతోంది. ఊలు వంకర్లు తిరిగి ఉంది, ఎక్కడి నుంచో కొత్తగా విప్పినట్టు. "ఎవురిదో అడగొద్దనె అమ్మ" అని, మంచినీళ్లు తాగి, కాఫీకి కూడా ఆగకుండా వెళ్లిపోయాడు. మామ ఎప్పుడూ అట్లా ఆగకుండా వెళ్లే మనిషి కాదు. సమీనాకు అప్పుడు ఆ సంగతి తట్టలేదు.

ఆమె దక్షిణం పక్క పట్టుకుంది. హిందూపురం రైలు పోయేది అటే. కొస దాకా వెళ్లింది, గుడ్డ తిప్పింది, వెనక్కి వచ్చింది. చుట్టూ తిరగడం అలవాటైన చేతికి అది తప్పు చేస్తున్నట్టే ఉంది. ప్రతి కొసకూ వేళ్లు మూల తిరగబోయేవి, ఆపుకునేది. మొదటి వరసకు దక్షిణపు గోడ జానెడు జరిగింది, మిగతా మూడూ కదల్లేదు. మసూద్ పనికి పోబోతూ చూశాడు. చొక్కా విప్పి మేకుకు తగిలించి, గడ్డపార తెచ్చి గుంట తవ్వడం మొదలుపెట్టాడు. ఆమె అల్లుతుంటే అతను తవ్వాడు. స్కూల్లో సారు బోర్డు మీద దీర్ఘచతురస్రం గీసి పొడవూ వెడల్పూ రాసినప్పుడు, అదెందుకు పనికొస్తుందో ఆమెకు బోధపడలేదు. ఇప్పుడు పడింది.

సోమవారం రామాంజినేయులు బండి తోలుకుని వచ్చేసరికి ఏడు వరసలయ్యాయి. మగ్గం గుంటలో నిలబడి ఉంది. పడుగు తాడు ఎదర మేకుకు బిగుతుగా ఉంది. ఆయన గడపలో నిలబడి ఆ కొస నుంచి ఈ కొస దాకా చూశాడు.

"ఏమబ్బా మసూద్, బండి వట్టిగా తోలుకపోవాల్నా?"

"టీ తాగి పోన్నా" అన్నాడు మసూద్. బెంగుళూరుకని సర్దిన సంచీలోంచి తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. ఆ సంచీ మళ్లీ సర్దలేదు.

ఇక మిగిలింది అలక తీర్చే వరస. మధ్యాహ్నం మసూద్ మగ్గం కింది పలక కాలితో తొక్కుతుంటే, ఆ చప్పుడు వింటూ సమీనా చుట్టూ అల్లుకుంటూ పోయింది. ఉండ కరిగి నిమ్మకాయంత అయింది. మొదటి మూల, రెండు గుత్తులు. రెండో మూల, మూడో మూల. నాలుగో మూల దగ్గరికి వచ్చేసరికి పోగులో ఏదో సూదికి తట్టి ఆగింది.

ధనియాల గింజంత ముడి.

ఆమె గోటితో దాన్ని కాస్త వదులు చేసింది. ముడి లోపలికి నల్ల రంగు పోలేదు. అక్కడ, పిసరంత, వంకాయ రంగు.

ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. అవ్వ చివరి నుంచి విప్పుకుంటూ ఉండ చుట్టింది, అందుకే తాను ఎనిమిదేళ్లప్పుడు అల్లిన పక్క ఉండ నడిమధ్యకు చేరి ఆఖర్న బయటపడింది. మనవరాలు గుర్తుపట్టకూడదని నల్ల రంగులో ముంచింది. వేసిన వరస విప్పకూడదన్న మనిషే విప్పింది. సమీనా ఆ గుడ్డను మొహానికి పెట్టుకుని, మగ్గం చప్పుడు ఆగేదాకా ఏడ్చింది. మసూద్ గుంటలోంచి లేచి వచ్చి ముడి చూశాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు.

"ముందు ఆ మూల పూర్తి చెయ్యి. రేపు పోయి చూసుకుని రా" అన్నాడు.

హిందూపురంలో దిగి సందు మలుపు తిరుగుతూనే ఆమెకు మంచం కనిపించింది. బయట అరుగు మీద, రేకు కింద, వాన జల్లు కొట్టకుండా ప్లాస్టిక్ పట్టా కట్టుకుని, అవ్వ మంచం. లోపల గది నాలుగు పక్కలా జానెడు తగ్గింది. పెట్టె మీద చదరం ఇరవై ఒకటో వరస దగ్గర, పసుపు అంచుతో ఆగిపోయింది. తన చాప చోటు లేదు. అవ్వ మంచం ఉండిన చోటికి బియ్యం డబ్బాలు జరిగాయి. అత్త తల దించుకుని, "మేము వద్దనే అన్నాం సమీనా. వింటుందా" అంది.

"ఈడ గాలి బాగుంటాది మే. లోపల ఉక్క" అంది అవ్వ మంచం మీంచి.

"గాలా? ఏంటికి విప్పినావవ్వా?"

"నీ వరస నువ్వు యాడుంటే ఆడుండాల. ఈడ డబ్బాల కింద పెట్టుకోని నేనేం చేసుకోవాల? మీయమ్మ ఊలు అది. కూతురి సంసారానికి రాకుంటే ఇంక దేనికొస్తాది?"

సమీనా అవ్వ పాదాల దగ్గర కూర్చుని, "మగ్గం పక్కన ఇంత చోటు మిగిలిందవ్వా" అంది చేతులతో చూపిస్తూ. "అలక వరస వేసినంక తేలింది. ఆయన రాట్నం పెట్టుకుంటాననె. పెట్టి చూస్తే రాట్నానికి ఎక్కువ, ఇంకో మగ్గానికి తక్కువ. అది దేనికో నాకు ఇప్పుడు తెలిసింది."

అవ్వ చూపు తగ్గిన కళ్లతో ఆమె చేతుల ఎడం చూసింది. తర్వాత తన మంచం పట్టె మీద జానలు వేసుకుంటూ కొలిచింది.

"కొడుకుండంగా మనవరాలింట్లో ఉంటే ఊరోళ్లు ఏమంటారమ్మా" అన్నాడు ముబారక్ మామ.

"వాళ్ల కొలత బయటి కొలతలేరా" అంది అవ్వ.

ఇంటి చదరం పెట్టె మీదే ఉంచేసింది. అత్తకు మూలల సంగతి రెండుసార్లు చెప్పి, ఎలుకల సంగతి మూడుసార్లు చెప్పింది. సూది మాత్రం తనతో తెచ్చుకుంది. ముబారక్ మామే మంచం విప్పి రైల్లో వేసి, ధర్మవరం దాకా వచ్చాడు. పెనుకొండ దాటుతున్నప్పుడు సమీనా కొండ కనిపించినంత సేపూ చూసింది, ఏది ఎక్కడుందో అవ్వకు చెప్పింది.

మగ్గానికీ గోడకూ నడుమ మంచం వేస్తే అటూ ఇటూ వేలు దూరే సందు లేకుండా సరిపోయింది. మసూద్ గుంటలోంచే సలాం చెప్పి, పలక తొక్కడం ఆపమంటారా అని అడిగాడు. "ఆపితే నాకు నిద్ర యాడ పడుతుంది నాయనా" అంది అవ్వ. మంచం మీద కూర్చుని నిడుపాటి గుడ్డను ఒళ్లోకి తీసుకుంది. పొడవు పొడవునా తడిమింది, పొట్టి పక్కలు తడిమింది. ఒక్కో మూల దగ్గర ఆగి రెండేసి గుత్తులు లెక్కపెట్టుకుంది. నాలుగో మూల దగ్గర ఆమె వేళ్లు ఎక్కువసేపు ఆగాయి. సమీనా ఏం తప్పు పడుతుందోనని చూసింది.

"ముడి ఇంకా గట్టిగానే ఉండాది" అని, అవ్వ మంచం మీద కాళ్లు చాపుకుంది.